అమావాస్య ఆకు

కింగ్‌స్టన్, జమైకా
1926 మార్చి 9

కెటూరా పెద్దమ్మకు,

మీకు చదవడం రాదు కనుక ఈ ఉత్తరాన్ని పోస్టాఫీసు లెటీగారు చదివి వినిపిస్తారు. లెటీగారూ, దయచేసి ఒక్క మాట కూడా మింగకండి.

క్షేమమా అని అడిగి మొదలుపెట్టడం మర్యాద. ఈసారి ఆ మర్యాద నా వల్ల కాలేదు. గట్టు మీదికి వెళ్లే తోవకు మీరు ముళ్లకంప కొట్టించారని మొన్న ఓడలో వచ్చిన వంటమనిషి చెప్పాడు. ఆ తోవలో మా అమ్మ డ్రుసిల్లా అడుగు పెట్టకూడదని చర్చి మెట్ల మీద నిలబడి అందరూ వినేలా అన్నారట. “నా మొగుణ్ని చంపింది నా చెల్లెలు పేనిన మోకే” అని కూడా అన్నారట.

ఆర్విల్ పెదనాన్న పోయిన వార్త విని నేను రెండు రోజులు అన్నం తినలేదు. నేను ఈ టీచర్ల బడికి బయలుదేరిన రోజు నా పెట్టె నెత్తిన పెట్టుకుని పడవ దాకా మోసింది ఆయనే. జనవరి గాలిలో ఆయన లంగరు మోకు తెగి, పడవ పగడపు దిబ్బకు కొట్టుకుంది. అది దుర్ఘటన. దానికి మా అమ్మ కడుపు కొడతారా? గట్టు మీది వెండితాటి ఆకు లేకపోతే ఆమెకు మోకు లేదు. మోకు లేకపోతే అంగట్లో పిండి లేదు, కిరసనాయిలు లేదు. నాన్న పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె పది వేళ్ల వల్లే.

ఆ తోవ మీది కాదు. ముత్తవ్వ తామారు ఈ దీవిలో దిగేటప్పటికి మూడే ఇళ్లు. అవి కూడా ఇళ్లు కావు, గట్టు గుహల్లో పొయ్యిలు. మగవాళ్లు తాబేళ్ల వేటకు పోయి నెలల తరబడి రాకపోతే, కత్తి పట్టుకుని గట్టెక్కి, రాళ్లలో ఆ తోవ తొలిచింది ఆవిడ. తన కూతుళ్లందరికీ, వాళ్ల కూతుళ్లందరికీ అది సమానం అని చెప్పి పోయింది. దానికి తాళం వేసే అధికారం మీకు ఎవరిచ్చారు?

ఇక మీ ఆరోపణ. అమావాస్య రోజుల్లో కోసిన ఆకు చీకిపోతుందని, పున్నమికే కోయాలని మన ఆడవాళ్ల నమ్మకం. చంద్రుడు రాయి, పెద్దమ్మా. నీళ్లు లేని, గాలి లేని ఉత్త రాయి. మా పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. ఆ రాయికి మన గట్టు మీది ఆకుతో పని లేదు.

వచ్చే టపా ఓడకల్లా కంప తీయించండి. లేకపోతే కమిషనరుగారికి రాస్తాను.

లొవీనా


స్పాట్ బే, కేమన్ బ్రాక్
మార్చి 27
(చెప్పింది కెటూరా. రాసింది లెటీ, చెప్పింది చెప్పినట్టు.)

ఏమే లొవీనా,

“మీరు” అన్నావంట. లెటీ చదువుతుంటే, ఎవరికి రాసిందబ్బా అని నేను వెనక్కి తిరిగి చూశాను. నా ఒళ్లో ఉచ్చ పోసిన పిల్లవి, కింగ్‌స్టన్ నీళ్లు తాగేసరికి నేను “మీరు” అయ్యానన్నమాట.

ఇవాళ శనివారం. మోకులు చుట్టలు చుట్టి తెచ్చిన వాళ్లు పదకొండు మంది ఈ పోస్టాఫీసు అరుగు మీదే కూర్చున్నారు. నీ ఉత్తరం అందరూ విన్నారు. చంద్రుడు రాయి అన్న చోట రోడా ఎంత నవ్విందంటే నోట్లో చుట్ట కింద పడి పావడా కాలింది. ఒసే పిల్లా, ఆ రాయే కదే రోజుకి రెండుసార్లు సముద్రాన్ని పైకీ కిందకీ లాగేది? నీ పుస్తకంలో ఆ పేజీ ఎవరైనా చింపేశారా? ఇంత సముద్రాన్ని లాగేది ఆకులో చెమ్మని లాగలేదా?

తామారవ్వ మాట నాకు నేర్పుతున్నావు, అదీ సగం. తోవ అందరికీ సమానం అంది, నిజమే. తర్వాత ఏమంది? “అమావాస్యకి కోసిన చేతికి ఈ తోవ లేదు” అంది. ఎందుకంది? ఆవిడ మొదటి మొగుడు అట్లాంటి మోకుకి కట్టిన పడవలోనే పోయాడు గనక. మోకు పేనడం అంటే పిండికీ కిరసనాయిలుకీ కాదే. దాని రెండో కొసన మనిషి ఉంటాడు.

మీ అమ్మని మొహం మీదే అడిగాను. “డ్రుసీ, అమావాస్య ఆకు పేనావా?” అన్నాను. తల దించుకుంది. లేదు అనలేదు. చిన్నప్పుడు చక్కెర దొంగిలించినా “నేను కాదక్కా” అని ఊరు వినేలా ఏడ్చేది. ఇప్పుడు ఒక్క మాట లేదు. దాన్నేమంటారో నీ పుస్తకంలో చూడు.

కమిషనరు దొరకి రాసుకో. ఆయనకి ఆకు కొయ్యడం వస్తే రమ్మను, కత్తి నేనే ఇస్తా.

కంప తియ్యను.

కెటూరా

(ఆవిడ వెళ్లాక నేను కలుపుతున్నది: మీ అమ్మకి సోమవారం సోమవారం కొంచెం పిండి పంపుతున్నాను, కెటూరాకి చెప్పకు. – లెటీ)


కింగ్‌స్టన్
ఏప్రిల్ 20

కెటూరా పెద్దమ్మకు,

మాట్లాడకపోవడం ఒప్పుకోవడం కాదు. ఏ కచేరీలోనూ అలా అనుకోరు. మా అమ్మ మాట్లాడకపోవడానికి కారణం నాకు తెలుసు. మీ నోటి ముందు ఎవరికి మాట వస్తుంది?

నేను ఇంతవరకు రాయకూడదని ఆపుకున్నవి రాస్తున్నాను. అరుగు మీద పదకొండు మంది ఉన్నా సరే, వంద మంది ఉన్నా సరే.

పగడపు రాళ్ల మీద ఒరుసుకుంటే ఏ మోకైనా తెగుతుంది, ఎప్పుడు కోసిన ఆకైనా. ఆ రోజు ఉదయం వాయవ్యం నల్లబడిందని, వలలు తీయడానికి పోవద్దని, పెదనాన్నతో పడవలో పోయే జోరామ్ చెప్పాడట. పెదనాన్న వినలేదు. ఆయన వినే స్థితిలో ఉన్నాడా? సీసా లేకుండా ఆయన పడవ ఎక్కినట్టు నేనైతే ఎన్నడూ చూడలేదు. మీరు ఎవరి మీద కోప్పడాలో వారి మీద కోప్పడలేరు. అందుకని చెల్లెలు దొరికింది.

ఇంకొకటి. అంగడివాడు మీ మోకును లాగి చూసి గానీ తీసుకోడు. అమ్మ మోకును లాగి చూడకుండానే తీసుకుంటాడు. దీవిలో అందరికీ తెలుసు, మీకు మరీ తెలుసు. ఆ మంట ఇరవై ఏళ్ల నాటిది. మీకు పిల్లలు లేరు, అమ్మకు నేనున్నాను. అది ఇంకొక మంట.

మోకు అమావాస్య ఆకుతో పేనిందే అయితే రుజువు చూపించండి. తెగిన కొస ఉందా? ఉంటే అందరి ముందూ విప్పండి. లేకపోతే కంప తీసి, అమ్మ కాళ్లకు గుచ్చుకోకుండా తోవ ఊడ్చి పెట్టండి.

లొవీనా


స్పాట్ బే
మే 15
(చెప్పింది కెటూరా, రాసింది లెటీ.)

లొవీనా,

పిల్లలు లేరు అని రాశావు. లెటీ అక్కడ ఆగింది. చదవవే అన్నాను. చదివింది. సరే.

కొస ఉంది. నా మంచం కింద ఉంది, నాలుగు నెలలుగా. జోరామ్ పడవ ముక్క పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పుడు దాని ముక్కుకి కట్టిన మోకు అలాగే ఉంది. నేనే విప్పుకొచ్చాను. ఎవరికీ చూపించలేదు. నోటి మాటంటే కోపంలో అందనుకుంటారు, చూపిస్తే డ్రుసిల్లా మోకు ఇక ఈ దీవిలో ఎవరూ ముట్టరు, తోవ మూస్తే చాల్లే అనుకున్నాను. నువ్వు రుజువు అడిగావు. ఇవాళ తెచ్చి ఇదే అరుగు మీద, అందరి ముందూ విప్పాను.

మూడు పురులు. రెండు పురులు చేప ముల్లులా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. రాయికి ఒరుసుకుని తెగితే మూడూ పీచులు పీచులుగా ఉండాలి కదా? ఆ రెండిటి కొసలే పీచులయ్యాయి. మూడోది విప్పుతుంటేనే గోధుమ రంగు పొడి రాలింది. రోడా వేళ్ల మధ్య నలిపి చూసి, “కెటూరా, ఇది అమావాస్య చీకటి ఆకే” అంది. ఈసారి నవ్వలేదు.

ఆ పురిలోనే జానెడు నీలం దారం కలిసిపోయి ఉంది. లెటీ చూసి ఇది బడి గౌనుల అంచు కుట్టే దారం అంది. ఇక నాకు అర్థమైంది. ఓడ వారం ముందే వచ్చేసింది కదా అప్పుడు. నిన్ను ఆ బడికి పంపే హడావిడిలో మీ అమ్మకి మోకులు తక్కువ పడి ఉంటాయి. పున్నమి దాకా ఆగే ఓపిక లేక అమావాస్యకే గట్టెక్కి కోసుకొచ్చి ఉంటుంది. నీ గౌను దారంతోనే కట్ట కట్టి ఉంటుంది. నీ చదువు కోసం నా మొగుడు పోయాడు. అంతే కదా?

డ్రుసిల్లాని పిలిపించి దారం చేతికిచ్చాను. “నేనే పేనాను, అక్కా. తప్పు నాదే” అంది. దారం తిరిగి ఇవ్వలేదు, పట్టుకుపోయింది.

అడిగావు, చూపించాను. ఇంకేమైనా కావాలా టీచరమ్మా?

ఆర్విల్ తాగేవాడు. ఆ రోజు తాగలేదు. అది మా అమ్మ పోయిన రోజు, ఏటా ఆ రోజున సీసా ముట్టడు.

కెటూరా


కింగ్‌స్టన్
జూన్ 5

లెటీగారూ, ఈ ఉత్తరం అందిన రోజున చదవకండి. శనివారం దాకా ఉంచండి. మోకులు తెచ్చిన వాళ్లందరూ కూర్చున్నాక, మా అమ్మను కూడా పిలిపించి, గట్టిగా చదవండి.

కెటూరా పెద్దమ్మకు,

ఆ నీలం దారం నాది. ఆకు కోసింది నేను. అమ్మ కాదు.

నిరుడు ఆగస్టులో, ఓడ ఎక్కడానికి రెండు వారాల ముందు, అమావాస్య నాటి ఉదయం ఒక్కదాన్నే గట్టెక్కాను. అమ్మకు జామపళ్లకు వెళ్తున్నానని చెప్పాను. మాస్టారు ఇచ్చిన పుస్తకంలో చంద్రుడి పాఠం చదివి అప్పటికి మూడు రోజులు. మన ఆడవాళ్లు ఇన్నేళ్లుగా ఒక రాయికి భయపడుతున్నారని, నేను పరీక్ష చేసి చూపిస్తే ఇక భయపడరని అనుకున్నాను. ఒక కట్ట కోశాను. గుర్తు కోసం నా గౌను అంచు దారం లాగి దాని మెడకు కట్టాను. మిగతా కట్టలతో పాటు ఆరబెట్టాను. దాన్ని వేరుగా పేని, పున్నమి ఆకు మోకు పక్కన పెట్టి, రెండూ లాగి, ఏది ముందు తెగుతుందో అందరి ముందూ చూపించాలన్నది నా ఆలోచన.

ఓడ వారం ముందే వచ్చింది. పెట్టె సర్దుకునే హడావిడిలో కట్ట సంగతి మరిచిపోయాను. కాదు, ఈ ఉత్తరంలో అబద్ధం ఉండకూడదు. పడవలో కూర్చున్నాక గుర్తొచ్చింది. పెదనాన్న నా పెట్టె కాళ్ల దగ్గర సర్దుతున్నాడు. అమ్మతో ఒక్క మాట చెప్పమని ఆయనతో అనవచ్చు. ఆకు ఆకేలే, ఏం తేడా ఉంటుందని ఊరుకున్నాను.

వంటమనిషి చెప్పిన రోజే నాకు అనుమానం వచ్చింది. వచ్చింది కనుకనే మీకు అంత కోపంగా రాశాను. దారం మాట విన్నాక అనుమానం కూడా మిగలలేదు.

పెదనాన్న తాగుడు గురించి రాసింది పాపం. పిల్లల గురించి రాసింది అంతకన్నా పాపం. వాటికి క్షమాపణ అడిగే మొహం నాకు లేదు.

అమావాస్యకు కోసినందువల్లే ఆకు చీకిందని నేను ఇప్పటికీ ఒప్పుకోలేను. సరిగ్గా ఆరక చీకి ఉండవచ్చు. కానీ కోసిన చేయి నాది. తామారవ్వ మాట ప్రకారం తోవ లేనిది నాకు. అమ్మకు కాదు. అందరూ విన్నారు కనుక, కంప తీసి అమ్మను పోనివ్వండి. నేను ఇక గట్టెక్కను.

లొవీనా


స్పాట్ బే
జూలై 3
(చెప్పింది కెటూరా, రాసింది లెటీ.)

లొవీనా,

నువ్వు చెప్పినట్టే లెటీ శనివారం దాకా దాచింది. ఈ లెటీ కడుపులో నాలుగు రోజులు ఒక మాట ఆగడం ఈ దీవిలో ఇదే మొదటిసారి. (నిజమే. – లెటీ)

చదివింది. నేను మీ అమ్మ వైపు చూశాను. “విన్నావా డ్రుసీ? నువ్వెందుకే తల దించుకున్నావు? పిల్ల చేసిందని దాచావా?” అన్నాను.

అది అంది కదా: “దాచలేదక్కా. నేను పేనాననే కదా చెప్పాను, అది నిజమే కదా. ఆకు చేతిలోకి తీసుకోగానే తెలిసింది. గలగలలాడలేదు. వేళ్లకి చల్లగా తగిలింది. మూడుసార్లు పక్కన పడేశాను. మూడోసారి దారం చూశాను. లొవీనా కట్టింది. అది చదువుకున్న పిల్ల కదా, నాకు తెలియనిదేదో దానికి తెలిసుంటుంది, ఇలాగే చెయ్యాలేమో అనుకున్నాను. తీసి పేనేశాను.”

“మరి ఆర్విల్‌కెందుకిచ్చావే?” అన్నాను.

“బావకి చెప్పే ఇచ్చానక్కా. మా పిల్ల కోసిన ఆకు కూడా ఇందులో ఉంది బావా అన్నాను. ఆయన నవ్వి, అయితే ఇది టీచరమ్మ మోకు, నాకే కావాలి అని భుజాన వేసుకున్నాడు.”

నేను లేచి ఇంటికొచ్చేశాను. తెల్లవారి కత్తి తీసుకుపోయి కంప నేనే కొట్టేశాను. నా అరచేతులు చీరుకుపోయాయి, అయినా నీకోసం చేసింది కాదు అది. మీ అమ్మని క్షమించాననీ కాదు. ముప్పై ఏళ్లు పేనిన వేళ్లు వద్దు అంటే వాటి మాట వినకుండా ఒక జానెడు దారం మాట వింది. ఆ కోపం నాకు పోదు. కానీ తామారవ్వ మాట కోసిన చేతికే. పేనిన చేతికి కాదు.

మొన్న పున్నమికి ఇద్దరం గట్టెక్కాం. అది ఒక పక్క, నేను ఒక పక్క. దిగేటప్పుడు దాని కట్ట జారితే నేను పట్టుకున్నాను. అంతే జరిగింది, ఎక్కువ ఊహించుకోకు.

నీ సంగతి. నువ్వే తీర్పు చెప్పుకున్నావు, గట్టెక్కనని. మంచిది, ఎక్కకు. చదువు అయ్యాక బడికి రా, పిల్లలకి చెప్పు, నేనడ్డం రాను. దారిలో నేనెదురైతే మాత్రం పక్కకి తప్పుకో. నీ క్షమాపణ నాకక్కర్లేదు. ఉత్తరంలో పెట్టి పంపినా వెనక్కి పంపుతా.

మీ అమ్మకి రాయి. నాకిన్ని ఉత్తరాలు రాశావు, దానికొక్కటి రాయలేదు. అది ఇంకా నీకే తెలుసనుకుంటోంది. నిన్న కూడా నాతో అంది, “అది చీకిందంటే నేనే సరిగ్గా పేనలేదేమో అక్కా” అని. దానికి రాయి, నీకు తెలియదని. “తెలియదు” అనే మాట రాయడం ఆ బడిలో నేర్పకపోతే, లెటీని అడుగు, చెప్తుంది.

ఇక నాకు రాయొద్దు.

కెటూరా


కింగ్‌స్టన్
జూలై 27

అమ్మా,

లెటీగారు ఇది నీ ఒక్కదానికే చదువుతారు. అరుగు మీద కాదు, మన ఇంట్లో.

నువ్వు బాగానే పేనావు. మిగిలిన రెండు పురులు రాయికి తెగాయి కాని చీకలేదు. ఆ మూడోది నాది.

ఆ కట్ట కట్టిన రోజు నాకు ఏమీ తెలియదు. చంద్రుడి గురించి మూడు పేజీలు తెలుసు. ఆకు గురించి ఏమీ తెలియదు. ఇప్పటికీ తెలియదు. నిన్న మా మేడమ్‌ని అడిగాను, పున్నమి ఆకుకీ అమావాస్య ఆకుకీ తేడా ఎందుకు ఉంటుందని. ఆవిడ నవ్వింది. ఆవిడకూ తెలియదు. తెలియదని మాత్రం అనలేదు. నిరుడు నేనూ అలాగే ఉన్నానమ్మా.

వేళ్లకు చల్లగా తగిలిందన్నావట. ఎంత చల్లగా? తడిసిన బట్టలాగా, బావి రాయిలాగా? గలగల అంటే పొడి ఆకు చప్పుడేనా, ఇంకేదైనా ఉందా? మొదటిసారి పక్కన పెట్టినప్పుడు ఏం తోచింది? రెండోసారి మళ్లీ ఎందుకు తీశావు? నువ్వు చెప్పు, లెటీగారు రాస్తారు. ఎన్ని కాగితాలైనా ఫరవాలేదు. చిన్న మాట అని వదిలేయకు.

లొవీనా